ఇంట్లో అందరికీ అదే వైరస్, నాకొక్కదానికే ఇంత జలుబా?

ప్రశ్న: నా వయసు 38. ఖమ్మం దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచర్ని. మా బాబు ఒకటో తరగతి. వాడికి జలుబు చేసిన రెండు రోజులకి నాకు అంటుకుంటుంది. ముక్కు కారడం, దిబ్బడ, తల బరువు. వారం రోజులు పాఠం చెప్పడానికి గొంతు పెగలదు. మా వారు అదే బాబుకి అన్నం తినిపిస్తారు, పక్కనే పడుకోబెట్టుకుంటారు, రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంటారు. నేను తెల్లవారుజామున తలస్నానం చేయడం వల్లే అని మా అత్తగారు అంటారు. నీకు ఇమ్యూనిటీ తక్కువ అని పక్కింటావిడ ఒక పొడి తెచ్చిచ్చింది. చీమిడి పచ్చగా మారితే మందుల షాపులో మూడు రోజుల యాంటీబయాటిక్ ఇస్తారు, అది వేసుకుంటే తగ్గుతుంది. జలుబు వైరస్‌తో ముక్కులోని కణాలే పోరాడతాయని ఈమధ్య ఫోన్‌లో చదివాను. అలాగైతే నా ముక్కులో కణాలు బలహీనంగా ఉన్నట్టా? వాటికి బలం వచ్చే మందు ఏదైనా ఉందా? పేరు రాయకండి.

సమాధానం:

టీచరు గారూ,

మీరు అడిగినవి చాలానే ఉన్నా, వాటన్నిటి వెనకా ఉన్న అనుమానం ఒకటే అనిపించింది. జలుబు గట్టిగా పట్టుకుందంటే ఒంట్లో తట్టుకునే శక్తి లేనట్టేనా అని. దానికి జవాబు ముందే చెప్పేస్తాను. కాదు. మీరు జలుబు అని వేటిని అంటున్నారో, ఆ కారడం, ఆ దిబ్బడ, తుమ్ములు, గొంతు గరగర, వాటిలో వైరస్ తన చేత్తో చేసింది చాలా తక్కువ. చేసిందంతా మీ ముక్కే. అది ఏ పని ముందు చేసింది, ఎంత తొందరగా చేసింది అన్నచోటే మీకూ మీ వారికీ తేడా వచ్చి ఉంటుంది.

ముప్ఫై ఏళ్లు చెవి, ముక్కు, గొంతు ఓపీలో కూర్చున్నదాన్ని. జలుబుతో వచ్చినవాళ్ల ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి చూస్తే మొదట్లో నాకే ఆశ్చర్యంగా ఉండేది. లోపల ఎర్రగా వాచి, నీరు కారుతూ ఉంటుంది, కానీ గోడ ఎక్కడా పుండు పడినట్టు ఉండదు. ఫ్లూ అలా కాదు, శ్వాసనాళం లోపలి పొరని రాల్చేస్తుంది. 1980ల్లో కొందరు పరిశోధకులు జలుబు వైరస్ సోకిన వాలంటీర్ల ముక్కులోంచి చిన్న చిన్న ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. వైరస్ ఉన్న కణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి, అంతే. మిగతా పొర చెక్కుచెదరలేదు. అంత కొద్ది కణాలకి ఇంత గోలా అనిపిస్తుంది కదా? ఆ గోల ఎవరిదో తెలియాలంటే ముందు ముక్కు లోపలి గోడ ఎలా ఉంటుందో చూడాలి.

అది పలుచని కణాల పొర. వాటిలో ఎక్కువ కణాలకి నెత్తిన దాదాపు రెండేసి వందల సన్నటి నూగు పోగులుంటాయి. సీలియా అంటాం. సెకనుకి పది సార్లకు పైగా, అన్నీ కలిసి ఒకే వైపుకి కొట్టుకుంటాయి, గాలికి వరిచేను వంగి లేచినట్టు. వాటి మధ్యమధ్యలో చీమిడిని తయారుచేసే గోబ్లెట్ కణాలుంటాయి. అడుగున ఇంకో రకం కణాలు, పైవి రాలిపోతే ఆ ఖాళీలోకి కొత్తవాటిని పంపేవి. పీల్చిన దుమ్ము, సూక్ష్మజీవులు చీమిడికి అంటుకుంటాయి. సీలియా ఆ చీమిడిని మెల్లగా గొంతు వైపు తోస్తాయి. మనకి తెలియకుండానే మింగేస్తాం. వినడానికి బాగోదు కానీ, రోజంతా జరిగేది ఇదే.

ఈ తోపుడు సరిగ్గా ఉందో లేదో చూడడానికి మాకు ఒక పాత పరీక్ష ఉంది. ఆవగింజంత శాకరిన్ పలుకు ముక్కు లోపల పెట్టి, గడియారం చూస్తూ మనిషిని కూర్చోబెడతాం. ఇరవై నిమిషాల్లోపు గొంతులో తియ్యగా తగిలితే సీలియా బాగా పనిచేస్తున్నట్టు. బీడీ, సిగరెట్ కాల్చేవాళ్లలో చాలామందికి ఆ తీపి తగలడానికి ఇంకా ఎంతో సేపు పడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా కాలుస్తారో లేదో మీరు రాయలేదు. కాలిస్తే మాత్రం ఈ పేరా వాళ్లకి చదివి వినిపించండి.

ఇక వైరస్. జలుబు తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి, అన్నిటికన్నా ఎక్కువగా జలుబు తెచ్చేది రైనోవైరస్. (రైనో అంటే గ్రీకులో ముక్కు. ఖడ్గమృగానికి ఆ పేరు కూడా ముక్కు మీది కొమ్ము వల్లే వచ్చింది.) వెంట్రుక మందంలో రెండు వేలకు పైగా పక్కపక్కన పట్టేంత చిన్నది. దాని ఆస్తల్లా ఒక ప్రోటీన్ డబ్బా, లోపల సుమారు 7,200 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ చీటీ. మీ తెలుగు వాచకంలో నాలుగైదు పేజీలకు మించదు. ఆ చీటీ మన కణంలోకి చేరితే చాలు, మన కణం దాన్ని తన సొంత ఉత్తర్వు అనుకుని చదివి, వైరస్ ప్రోటీన్లు తయారుచేయడం మొదలుపెడుతుంది. ఎనిమిది, పది గంటల్లో ఒక్క కణం నుంచి కొత్త వైరస్‌లు బయటికొస్తాయి. లోపలికి దూరడానికి ఇది పట్టుకునే గొళ్లెం కూడా మనదే. రైనోవైరస్ రకాల్లో ఎక్కువవి పట్టుకునేది ఐకామ్-1 అనే ప్రోటీన్‌ని, అంటే తెల్లరక్తకణాలు వచ్చి అతుక్కోవడానికి మన కణాలు బయట పెట్టుకునే కొక్కేన్ని. సాయం పిలవడానికి పెట్టుకున్న కొక్కేన్ని పట్టుకునే దొంగ లోపలికి వస్తాడన్నమాట.

మీరు ఫోన్‌లో చదివిన సంగతి ఇక్కడ మొదలవుతుంది. వైరస్ తన చీటీని నకళ్లు తీసేటప్పుడు కొంతసేపు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. అలాంటి పొడవాటి జంట పోగు మన కణాల్లో మామూలుగా ఉండదు. దాన్ని పసిగట్టే ప్రోటీన్లు ప్రతి కణంలోనూ కాపలా ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు ఎండీఏ-5. అది అనుమానం వచ్చిన వెంటనే కబురు పంపుతుంది, కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ని బయటికి వదులుతుంది. 1957లో లండన్‌లో ఎలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. ఒక వైరస్ తగిలిన కణాల్లో ఇంకో వైరస్ పెరగకుండా ఏదో అడ్డుపడుతోందని గమనించి, ఆ అడ్డుపడేదానికి పెట్టిన పేరు అది.

ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని నేరుగా చంపదు. పక్క కణాల తలుపు తడుతుంది. మా ఇంట్లో దొంగ పడ్డాడు, మీరు గడియ వేసుకోండి అని చెప్పడం లాంటిది. ఆ కబురు అందిన కణాలు కొన్ని వందల జన్యువులను ఒక్కసారిగా తెరుస్తాయి. వైరస్ ఆర్‌ఎన్‌ఏని తుంచే ఎంజైములు, ప్రోటీన్ తయారీని నెమ్మదింపచేసే ఏర్పాట్లు, అన్నీ సిద్ధం చేసుకుంటాయి. వైరస్ ఆ కణాల దగ్గరికి వచ్చేసరికి లోపల పని జరగదు. గమనించండి, ఇదంతా జరిగేటప్పటికి రక్తంలోని తెల్లకణాలకి ఇంకా పూర్తి కబురు అందలేదు, యాంటీబాడీల తయారీ మొదలే కాలేదు. గోడే తనని తాను కాపాడుకుంటోంది. ఈ దశలో మీకు ఏమీ తెలియదు. తుమ్ము కూడా రాదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫాక్స్‌మన్ బృందం ఈ పని మీదే ఏళ్లుగా ఉంది. మనుషుల ముక్కు నుంచి తీసుకున్న కణాలను గిన్నెలో పెంచి, పైభాగం గాలికి తగిలేలా వారాల తరబడి ఉంచితే, అవి నిజం ముక్కు గోడలాగే సీలియా వేసి చీమిడి తయారుచేస్తాయి. ఇటీవల ఆ బృందం అలాంటి పొరకి రైనోవైరస్ సోకించి చూసింది. ఇంటర్‌ఫెరాన్ కబురు సరిగ్గా నడిచినప్పుడు వైరస్ కొద్ది కణాల దగ్గరే ఆగిపోయింది. ఆ కబురుని మందుతో అడ్డుకున్నప్పుడు వైరస్ చాలా కణాలకు పాకింది. పాకింది సరే, దాంతో పాటు ఇంకో పెద్ద స్పందన లేచింది. సోకిన కణాలూ సోకని కణాలూ కలిసి చీమిడిని పొంగించాయి, వాపు పుట్టించే రసాయనాలను కుమ్మరించాయి. గిన్నెలో తెల్లరక్తకణాలు లేవు కాబట్టి నిజం ముక్కులో జరిగేదంతా అందులో కనిపించదు. అయినా మీ ప్రశ్నకి కావలసినది అందులో ఉంది. ముక్కు దగ్గర రెండు పనులున్నాయి. ఒకటి చప్పుడు లేకుండా గడియ వేసేది. రెండోది ఊరంతా లేపేది. మొదటిది సమయానికి జరిగితే రెండోదాని అవసరం పెద్దగా రాదు. మొదటిది ఆలస్యమైతే రెండోది రెట్టింపు గోలతో వస్తుంది.

ఆ గోలనే మనం జలుబు అంటున్నాం. వైరస్ సోకిన ముక్కులో బ్రాడికైనిన్ అనే పదార్థం పెరుగుతుంది, అది రక్తనాళాలను ఉబ్బించి నీరు కారేలా చేస్తుంది. వైరస్ ఏమీ లేని ఆరోగ్యవంతుల ముక్కులో ఉత్త బ్రాడికైనిన్ చల్లినా ముక్కు కారి, గొంతు నొప్పి పుట్టింది. దిబ్బడ సంగతి కూడా చెప్పాలి. అది చీమిడి అడ్డం పడి వచ్చేది కాదు, చాలా మట్టుకు ముక్కు లోపలి మెత్తటి మడతల్లో రక్తం నిండి ఉబ్బడం. అందుకే ఎంత గట్టిగా చీదినా తెరుచుకోదు. ఒక పక్క తెరుచుకుని ఇంకో పక్క మూసుకోవడం మీరు గమనించే ఉంటారు. మామూలు రోజుల్లో కూడా రెండు రంధ్రాలూ కొన్ని గంటలకోసారి వంతులు మార్చుకుంటూనే ఉంటాయి. జలుబు చేసినప్పుడే మనకది తెలుస్తుంది. గట్టిగా చీదితే చీమిడి సైనస్‌లలోకి, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదుల్లోకి, వెనక్కి తన్నే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్కో పక్క మెల్లగా చీదండి. బాబుకీ అదే నేర్పండి.

ఇప్పుడు మీ వారి దగ్గరికి వద్దాం. ఆయన రెండు తుమ్ములతో తప్పించుకోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఆయన ముక్కు ఆ వారం తొందరగా గడియ వేసుకుంది. రెండు, ఆ రకం వైరస్ ఆయనకి ఇదివరకే సోకి ఉంది, చీమిడిలో దానికి తగిన యాంటీబాడీలు సిద్ధంగా ఉన్నాయి. రైనోవైరస్‌లు 160కి పైగా రకాలున్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకోదానికి సరిగ్గా పనికిరాదు. పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది, పెద్దలకు రెండు మూడు జలుబులు రావడం మామూలే అని మేం చెప్పేది ఇందుకే. మీ ఇంట్లో ఒకటో తరగతి పిల్లాడు, మీ బడిలో గదికి నలభై మంది. మీకు కాస్త ఎక్కువే వస్తాయి. అందులో మీ తప్పేమీ లేదు. ఇంకో సంగతి, ప్రయోగాల కోసం ముక్కులో రైనోవైరస్ వేసుకుని, నిజంగానే సోకినవాళ్లలో కూడా దాదాపు నాలుగో వంతు మందికి జలుబు లక్షణాలు రాలేదు. మీ వారికి ‘జలుబు రాలేదు’ అనుకుంటున్న వారాల్లో ఆయనకి వైరస్ సోకే ఉండొచ్చు. బాబు నుంచి అని మీరు అనుకుంటున్న జలుబు ఆయన నుంచే వచ్చి ఉండొచ్చు కూడా. ఈ మాట ఇంట్లో ఎలా చెబుతారో మీ ఇష్టం.

అంటే నా ముక్కు ఎప్పుడూ ఆలస్యమేనా అని అడుగుతారు. అది ఒక మనిషికి రాసిపెట్టిన గుణం కాదు. ఒకే మనిషిలో కూడా ఆ సమయానికి ముక్కులో ఇంకేమున్నాయి, పొగ తగిలిందా, ముక్కు ఎంత చల్లబడింది అన్నవాటిని బట్టి మారుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. రైనోవైరస్ తో ముక్కు పోరాడుతున్న రోజుల్లో ఫ్లూ వైరస్ వస్తే, అప్పటికే పక్క కణాలన్నీ గడియ వేసుకుని ఉండటంతో ఫ్లూ సరిగ్గా పెరగలేకపోయిందని అదే యేల్ బృందం 2020లో చూపించింది. పడిశం పది రోగాల పెట్టు అన్నారు మన పెద్దలు. ఈ ఒక్క విషయంలో మాత్రం పడిశం ఇంకో రోగానికి కొద్ది రోజులు అడ్డం పడుతుంది.

మీ అత్తగారి మాట. ఇక్కడ నేను ఆవిడని పూర్తిగా కొట్టిపారేయను. వైరస్ లేకుండా తలస్నానం ఒక్కటే జలుబు తేలేదు. ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వాలంటీర్లకు పది రోజులు ఉచిత భోజనం, వసతి, కొద్దిగా చేతిఖర్చు. దాన్ని సెలవుల విడిదిలా భావించి వచ్చినవాళ్లు, హనీమూన్‌కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ కొంతమందిని తడి ఒంటితో, తడి మేజోళ్లతో గాలికి నిలబెట్టి వణికించారు. చలి ఒక్కదాని వల్ల జలుబు రాలేదు. వైరస్ వేసినవాళ్లలోనూ చలి వల్ల స్పష్టమైన తేడా ఏమీ తేలలేదు. అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. 2005లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో 90 మందిని 20 నిమిషాల పాటు చల్లటి నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చోమన్నారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో, ఖాళీ గిన్నెలో పాదాలు పెట్టుకున్నవాళ్లకన్నా వీళ్లలో ఎక్కువమంది జలుబు చేసిందన్నారు. వైరస్ పరీక్షలు చేయలేదు కాబట్టి ఆ లెక్కని నేను మరీ నెత్తిన పెట్టుకోను. కానీ 2015లో ఫాక్స్‌మన్, యేల్‌లోనే పనిచేసే అకికో ఇవాసాకి కలిసి చేసిన పని మాత్రం ఆలోచింపచేస్తుంది. ముక్కు లోపల వేడి మిగతా ఒంటికన్నా తక్కువ, 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. వాళ్లు ఎలుకల శ్వాసమార్గపు కణాలను 33 దగ్గరా 37 దగ్గరా ఉంచి చూస్తే, చల్లగా ఉన్నచోట ఇంటర్‌ఫెరాన్ స్పందన నీరసంగా ఉంది, వైరస్ బాగా పెరిగింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. వైరస్ అప్పటికే ముక్కులో దూరి ఉంటే చలి దానికి కాస్త దారి ఇవ్వొచ్చు. లేకపోతే తలస్నానం ఏ పాపమూ ఎరగదు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున తడి జుట్టుతో స్కూటీ మీద వెళ్లకుండా, ముందు రోజు సాయంత్రం తలంటుకుంటే మీ అత్తగారికీ మర్యాద, మీకూ నష్టం లేదు. పెరుగు, అరటిపండు, జామకాయ మానేయమంటే మాత్రం ఒప్పుకోకండి. వాటికీ వైరస్‌కీ సంబంధం లేదు.

పచ్చ చీమిడి. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. మీరు ఏది రాశారో తెలియదు కానీ రెండిటికీ జవాబు ఒకటే. ముక్కు రెండో స్పందనలో పిలిచిన తెల్లరక్తకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, పెద్ద సంఖ్యలో వస్తాయి. వాటి లోపల మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. నాలుగో రోజుకో అయిదో రోజుకో చీమిడి చిక్కబడి రంగు మారడం మామూలు జలుబు దారే, బాక్టీరియా వచ్చిందని కాదు. మీరు సరిగ్గా ఆ రోజే షాపుకి వెళ్తున్నారు. మూడు రోజుల కోర్సు అయ్యేసరికి ఏడో రోజో ఎనిమిదో రోజో వస్తుంది. అప్పటికి జలుబు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. పేరు యాంటీబయాటిక్‌కి వస్తుంది. యాంటీబయాటిక్‌కి రైనోవైరస్ మీద ఏ పనీ లేదు. మీ పేగుల్లోని మంచి బాక్టీరియా చస్తుంది, మిగిలిన బాక్టీరియా మందుకి అలవాటు పడుతుంది. దయచేసి మానేయండి.

ఇక ఆ పొడి. డబ్బా మీద ఏం రాసుందో మీరు చెప్పలేదు, చెప్పినా నా మాట మారదు. ‘ఇమ్యూనిటీ’ అనేది ఒక ట్యాంకు కాదు, మట్టం తగ్గితే నింపడానికి. ఇంతసేపూ చెప్పుకున్నట్టు మీకు ఇబ్బంది పెడుతున్నది కూడా ఇమ్యూనిటీలో ఒక భాగమే. నిజంగా దాన్ని పెంచే పొడి ఉంటే, ఏ భాగాన్ని పెంచుతుంది? గడియ వేసేదాన్నా, గోల చేసేదాన్నా? విటమిన్ సి సంగతి మాత్రం బాగానే పరిశీలించారు. రోజూ వేసుకునేవాళ్లలో జలుబు కాలం కొద్దిగా తగ్గింది, జలుబు వచ్చాక మొదలుపెడితే ఉపయోగం తేలలేదు. ఒక ఉసిరికాయ, ఒక జామకాయ తినండి, పొడి డబ్బులు మిగులుతాయి.

వాటికి బలం వచ్చే మందు ఉందా అన్నారు. ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పరిశోధకులు ఆ దారిలో వెళ్లి వెనక్కి వచ్చారు. కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్‌నే ముందుగా ముక్కులో చల్లితే ఎలా ఉంటుంది? 1973లో సాల్స్‌బరీ కేంద్రంలో చల్లి చూశారు, పనిచేసింది. అప్పట్లో అది దానం చేసిన రక్తంలోని తెల్లకణాల నుంచి తీయాల్సి వచ్చేది, అందుకని చుక్క చుక్కా బంగారమే. తర్వాత జన్యు పద్ధతుల్లో చవగ్గా తయారుచేశారు. 1986లో సరిగ్గా మీ ఇంటిలాంటి ఇళ్లలో ప్రయత్నించారు. ఇంట్లో ఒకరికి జలుబు రాగానే మిగతావాళ్లు ముక్కులో చల్లుకోవాలి. రైనోవైరస్ జలుబులు బాగా తగ్గాయి. కానీ ఎక్కువ రోజులు వాడినవాళ్ల ముక్కు ఎండిపోయింది, మండింది, చీమిడిలో రక్తపు చారలు కనిపించాయి. జలుబు తప్పించడానికి జలుబు లాంటిదాన్నే కొని తెచ్చుకున్నట్టయింది. ఆ స్ప్రే బజారులోకి రాలేదు. ముక్కు ఆ పనిని కొద్దిసేపు, కొద్దిచోటే ఎందుకు చేస్తుందో దాంతో అర్థమైంది. కాబట్టి మీరు అడిగిన మందు ఇవాళ లేదు. ఆ కణాలను పాడుచేయకుండా ఉండటం మాత్రం మీ చేతిలో ఉంది.

ముక్కు చుక్కల మందు, అదే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ రకం, రాత్రి నిద్ర పట్టనంత దిబ్బడ ఉంటే మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులు వాడొచ్చు. అది దాటితే మందు దిగగానే ముక్కు మరింత ఉబ్బుతుంది, దానికోసం మళ్లీ మందు వేయాలి. అలా ఏళ్ల తరబడి జేబులో చిన్న సీసా పెట్టుకుని తిరిగేవాళ్లు మా ఓపీలో వారానికి ఇద్దరైనా తగిలేవారు. సెట్రిజిన్ అలర్జీకి మంచి మందే, మామూలు జలుబుకి పెద్దగా పనిచేయదు, ఎందుకంటే అలర్జీలో తుమ్ములూ దురదా పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం పాత్ర అలర్జీ లేనివాళ్ల జలుబులో తక్కువ. దిబ్బడకి మింగే మాత్రల్లో కలిపే ఫినైలెఫ్రిన్, నోటితో తీసుకుంటే ఉపయోగం లేదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ నిపుణుల సంఘమే తేల్చింది. ఒళ్లు నొప్పులకి పారాసిటమాల్ చాలు.

ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం నాకు ఇష్టమైన చిట్కా. చిక్కబడ్డ చీమిడి కదులుతుంది, సీలియాకి పని తేలికవుతుంది. ఒక్కటే షరతు, కొళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వాడొద్దు. కాచి చల్లార్చినవే వాడాలి. ముక్కు ద్వారా మెదడుకి పాకే అమీబా వల్ల కేరళలో 2024లోనూ 2025లోనూ మనుషులు చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, నీళ్లు కాచుకోమని చెబుతున్నాను.

ఆవిరి పడితే వైరస్ చావదు. వెచ్చగా, హాయిగా ఉంటుంది, అంతవరకే. బాబుకి మాత్రం మరిగే నీళ్ల గిన్నె దగ్గర ఆవిరి పట్టకండి. గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలను చూశాను. బామ్‌ల విషయం కూడా ఇంతే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది, తెలుగువాళ్లం ఆ డబ్బాకి రుణపడి ఉన్నాం. అయినా నిజం చెప్పాలి. అందులోని మెంథాల్ ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపింపజేస్తుంది, లోపలి వాపు అలాగే ఉంటుంది. అనిపించినా చాలు అనుకుంటే రాసుకోండి. మిరియాల చారు తాగినా మంచిదే, నేనూ తాగుతాను.

చేతులు కడుక్కోవడం గురించి ఒక మాట. రైనోవైరస్ చాలా వరకు చేతుల మీద నుంచే ముక్కుకీ కంటికీ చేరుతుంది. నోటుబుక్కులు దిద్దిన చేత్తో కళ్లు నలుపుకోవడం మీ వృత్తిలో రోజూ జరిగేదే. ఈ వైరస్‌కి కరోనాకున్నట్టు పైన కొవ్వు పొర లేదు, అందువల్ల శానిటైజర్ దీని మీద అంత బాగా పనిచేయదు. సబ్బు, నీళ్లు వాడండి.

బాబుకి ఏడాది దాటింది కాబట్టి దగ్గుకి పడుకునేముందు చెంచాడు తేనె ఇవ్వొచ్చు. ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం. షాపులో సొంతంగా జలుబు సిరప్ కొనకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. మీవాడు ఆ వయసు దాటినా డాక్టరు చెబితేనే వేయండి. పిల్లి కూతలు, డొక్కలు ఎగరేయడం కనిపిస్తే ఆ రోజే చూపించాలి, ఆస్తమా స్వభావం ఉన్న పిల్లల్లో ఇదే వైరస్ ఊపిరితిత్తుల్లో గొడవ చేస్తుంది.

మీరెప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి? పది రోజులు దాటినా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెడితే, ఒక చెంపలోనో కంటి చుట్టూనో గట్టి నొప్పి, వాపు ఉంటే, ఆయాసం వస్తే. అప్పుడు నిజంగా యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు, అది డాక్టరు చూసి రాయాలి.

ఆఖరుగా ఒక అనుమానం నాకూ ఉంది. ఎన్నిసార్లు వస్తోందో మీరు రాయలేదు. ఏడాదికి నాలుగైదు సార్లు అయితే టెన్షన్ పడాల్సిన పని లేదు. కానీ పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కులోనూ కళ్లలోనూ దురద, నీళ్లలాంటి చీమిడి, జ్వరం లేకపోవడం, నల్లబల్ల తుడిచినప్పుడో బీరువా సర్దినప్పుడో ఎక్కువవడం, ఇలా ఉంటే అందులో కొన్ని జలుబులు కావు, అలర్జీ. దానికి వేరే మందులున్నాయి, బాగా పనిచేస్తాయి. కొత్త నోటుబుక్కు ఒకటి తీసి, మొదలైన తేదీ, దురద ఉందా లేదా, బాబుకి అప్పుడు జలుబు ఉందా, ఎన్ని రోజులకి తగ్గింది, ఈ నాలుగూ మూడు నెలలు రాయండి. దాన్ని పట్టుకుని దగ్గర్లోని ఇ.ఎన్.టి. డాక్టరుకి చూపించండి.